మౌంట్ రోడ్డు మీద 1842 నాటి సంగీతం షాపు: మేనకోడలితో ఒక పూట

ముందు ఏం కొన్నామో చెబుతాను. పేజీకి 12 వరుసల స్టాఫ్ గీతలున్న (పాశ్చాత్య సంగీతం రాసుకునే ఐదేసి గీతలు) ఖాళీ నొటేషన్ పుస్తకాలు రెండు, వయోలిన్ తీగల సెట్టు ఒకటి, ఒక ట్యూనింగ్ ఫోర్కు, ఒక థియరీ పుస్తకం. అంతే. వీటి కోసం నెల్లూరు నుంచి చెన్నైకి రానూపోనూ దాదాపు 350 కిలోమీటర్లు తిరగక్కర్లేదు. ఫోన్‌లో ఆర్డర్ పెడితే మూడో రోజుకి గుమ్మంలోకి వచ్చేవి. మా అక్క కూతురికి ఆ షాపు చూపించాలని వెళ్లాం. కొన్నవన్నీ ఆ తర్వాత గుర్తొచ్చిన సామాన్లు.

షాపు పేరు మ్యూజీ మ్యూజికల్. చెన్నై అన్నాశాలై మీద ఉంది. మా తరం నెల్లూరు వాళ్లకు అది ఇప్పటికీ మౌంట్ రోడ్డే. సెంట్రల్‌లో రైలు దిగి, మెట్రో ఎక్కి, గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగి నడిచాం. ఆటో వాళ్లతో బేరం లేదు, ఎండ కూడా తక్కువే తగిలింది.

1842లో మిస్క్విత్ కంపెనీ అనే పేరుతో మొదలైంది ఈ వ్యాపారం. ఆ సంవత్సరం చెప్పగానే మా మేనకోడలు "ఓహో" అని ఊరుకుంది. పాత షాపు అంటే పాత షాపు, అంతే కదా అనుకుంది. అందుకని మెట్రోలో కూర్చోబెట్టి కొంచెం వివరంగా చెప్పాను. 1842లో మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. మనుషులైనా మూటలైనా మసూలా పడవల్లోకి దిగి, అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డుకు చేరాల్సిందే. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసిన పడవలవి. దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది 1856లో. అంటే ఆ షాపు తెరిచాక ఇంకో 14 ఏళ్లకు! ఇంగ్లండు నుంచి వచ్చే ఒక్కో పియానో ఎన్ని నెలలు ఓడలో ఊగి, ఆ కుట్టు పడవలో నానకుండా ఒడ్డెక్కి, బండి మీద మౌంట్ రోడ్డు దాకా చేరి ఉంటుందో ఊహించుకో అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది.

నేను మొదటిసారి ఆ షాపులో అడుగు పెట్టింది 1986 వేసవిలో. నాకు 15 ఏళ్లు. మా తాత పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నెల్లూరు, కావలి, గూడూరు, అవతల ఒంగోలు దాకా ఎక్కడ నాటకం ఉన్నా పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. ఆ ఏడు దాంట్లో మూడు రీడ్లు పోయాయి. తిత్తి మడతల దగ్గర చిరిగి గాలి నిలవడం లేదు. మద్రాసులో ఒక సందులో రీడ్లు మార్చే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే నన్ను వెంటబెట్టుకుని రైలెక్కాడు. పెట్టె ఆయన చేతిలో పెట్టాక సాయంత్రం దాకా పని లేదు. "రారా, నీకొకటి చూపిస్తా" అని నడిపించుకుంటూ తీసుకెళ్లాడు.

పియానో అంటే అప్పటికి నాకు సినిమాలో హీరో ముందర ఉండే వస్తువు. దాని లోపల ఏముంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. తాత తనకొచ్చిన తమిళంలో అడిగితే, షాపులో ఒక పెద్దాయన నిలువు పియానో ముందు పలక ఊడదీసి చూపించాడు. లోపల ఉన్ని అతికించిన చిన్న చిన్న సుత్తులు వరసగా. మెట్టు నొక్కితే సుత్తి వెళ్లి తీగను తాకి వెంటనే వెనక్కి వచ్చేస్తోంది. 88 మెట్లు, 200 పైచిలుకు తీగలు. ఒక్కో స్వరానికి పైన మూడేసి తీగలు, కింద మంద్రానికి వస్తే రాగి చుట్టిన లావు తీగ ఒక్కటే. తీగల లాగుడంతా కలిపితే 18, 20 టన్నులుంటుందట. అందుకే లోపల అంత ఇనప చట్రం.

తాత ఒక్క మెట్టు నొక్కి, వేలు తీయకుండా, తల వంచి విన్నాడు. శబ్దం పూర్తిగా ఆగేదాకా అలాగే ఉన్నాడు. "ఇది పుట్టిన కాణ్ణుంచీ చచ్చిపోతా ఉంటుందిరా. మన పెట్టె గాలి ఆడినంతసేపూ బతికే ఉంటుంది" అన్నాడు.

ఆ మాట మీదే నా సంగీతమంతా నిలబడింది. హార్మోనియంలో ఒక స్వరం పట్టుకుంటే అది నిలబడుతుంది, దాని మీద పద్యం ఎంతసేపైనా సాగదీయవచ్చు. పియానోలో అలా పట్టుకుంటే నాలుగు క్షణాల్లో మైదానం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఇంకేదో స్వరంతో నింపాలి. కలిపి మోగించే స్వరాలను విడదీసి ఒక్కొక్కటిగా చల్లాలి, లేదా అదే స్వరాన్ని మళ్లీ మళ్లీ కొట్టాలి. వాయిద్యం మారితే పాట కట్టే తీరే మారిపోతుందని నాకు తెలిసింది ఆ షాపులో, ఆ మధ్యాహ్నం. పుస్తకంలో ఈ సంగతి తర్వాత ఎన్నోసార్లు చదివాను. కానీ తాత తల వంచి విన్న ఆ నాలుగైదు క్షణాలు ఏ పుస్తకమూ ఇవ్వలేకపోయింది.

ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. తాత వయోలిన్ల దగ్గర మాటల్లో పడితే నేను పుస్తకాల అల్మరా ముందు నిలబడ్డాను. స్టాఫ్ నొటేషన్ పుస్తకాలు. ఒక్కటి తీశాను, ఎవరూ ఏమీ అనలేదు. ఇంకోటి తీశాను. అరగంట అలాగే నిలబడి పేజీలు తిప్పాను. చదవడం రాదు. అయినా కళ్లకు కొంత తెలిసిపోతోంది. చుక్కలు మెట్లెక్కినట్టు పైకి పోతే స్వరం పైకి పోతోంది. ఒకదాని మీద ఒకటి నిలువుగా పేరిస్తే అన్నీ ఒకేసారి మోగుతాయి. మన స్వరలిపి ఎడమ నుంచి కుడికి నడిచే ఒక్క దారం. ఇది పైనుంచి కిందికి కూడా నేసిన బట్ట. అది చూసి నాకు ఒళ్లు జలదరించింది. తాత చేతిలో ఉన్న డబ్బుల్లోంచి మొదటి గ్రేడు పియానో పుస్తకం ఒకటి కొనిచ్చాడు. ఇంట్లో పియానో లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంటికెళ్లాక ఆ పుస్తకం హార్మోనియం మీదే మొదలుపెట్టాను. చిక్కేమిటంటే హార్మోనియానికి ఎడమ చెయ్యి తిత్తికే సరిపోతుంది. పియానో పుస్తకంలో ఎడమ చేతికి కూడా పని రాసి ఉంటుంది. మా అక్క పెట్టె వెనక కూర్చుని తిత్తి ఆడించేది, నేను ఇటు నుంచి రెండు చేతులా వాయించేవాణ్ణి. రెండేళ్లు అలా నడిచింది. ఆ అక్క కూతురే ఇప్పుడు నాతో వచ్చిన పిల్ల.

ఈ షాపు గురించి రాసేటప్పుడు ట్రినిటీ పరీక్షల మాట చెప్పకుండా ఉండలేను. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షలు మద్రాసులో దశాబ్దాలుగా ఈ షాపు చేతుల మీదుగా నడుస్తూ వచ్చాయి. ఇళయరాజా క్లాసికల్ గిటార్‌లో ట్రినిటీ పరీక్ష రాసి గోల్డ్ మెడల్ తెచ్చుకున్నారన్నది అందరికీ తెలిసిందే. పల్లెటూరి నుంచి వచ్చిన ఒక కుర్రాడికి, లండన్ వెళ్లకుండానే, ఆ పరీక్ష ఇక్కడే మద్రాసులో అందుబాటులో ఉండటం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. సిలబస్ పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు, అప్లికేషన్, పరీక్ష తేదీ, అన్నీ ఒక షాపు కౌంటర్ మీద దొరికే రోజులవి. నేను గ్రేడ్ 5 థియరీ దాకా అలాగే లాక్కొచ్చాను. నెల్లూరులో నాకు ఆ థియరీ చెప్పే మనిషి లేడు.

థియరీ చదువుకునే రోజుల్లోనే ఎడ్వర్డ్ ఎల్గార్ జీవితం నా కంటపడింది. 1857లో పుట్టిన ఇంగ్లీషు కంపోజర్. వాళ్ల నాన్న పియానోలు శ్రుతి చేసే మనిషి, చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఊస్టర్ ఊళ్లో 10 నంబరు, హై స్ట్రీట్‌లో సంగీతం షాపు పెట్టాడు. కుటుంబం ఆ షాపు పైనే కాపురం. ఎల్గార్ ఏ సంగీత కళాశాలకూ వెళ్లలేదు. జర్మనీలో లైప్‌జిగ్ వెళ్లి చదవాలని ఆశపడ్డాడు, జర్మన్ భాష నేర్చుకున్నాడు కూడా, ఇంట్లో డబ్బు లేక ఆగిపోయాడు. 15 ఏళ్లకు ఒక లాయరు ఆఫీసులో గుమాస్తా పనికి కుదిరి, ఏడాది తిరగకుండానే మానేశాడు. మరి ఆర్కెస్ట్రా రాయడం ఎక్కడ నేర్చుకున్నాడు? కింద షాపులో. అమ్మకానికి వచ్చిన స్కోర్లు తీసి చదివేవాడు, బీథోవెన్ సింఫనీలతో సహా. షాపులో ఉన్న వాయిద్యాలు ఒక్కొక్కటీ తీసి వాయించేవాడు.

నన్ను బాగా పట్టుకున్నది ఆ షాపు వెనకున్న షెడ్డు. 20, 21 ఏళ్ల వయసులో ఎల్గార్, అతని తమ్ముడు, స్నేహితులు కలిసి అక్కడ ఊదే వాయిద్యాల గుంపు ఒకటి కట్టుకున్నారు. రెండు ఫ్లూట్లు, ఓబో, క్లారినెట్. ఎల్గార్ బసూన్ తీసుకున్నాడు. ఈ ఐదింటికి సరిపోయే పాటలు అప్పటికి బజారులో లేవు. అందుకని తనే రాశాడు. ఎవరికి ఏది పలుకుతుందో, ఎవరికి ఊపిరి ఎక్కడ అయిపోతుందో చూసుకుంటూ రాశాడు. తర్వాత 1899లో ఎనిగ్మా వేరియేషన్స్ అనే ఆర్కెస్ట్రా రచనతో వాళ్ల దేశమంతా ఆయన పేరు మోగింది. ఆ పేరుకు 20 ఏళ్ల ముందు నుంచీ పునాది పడుతున్నది ఆ షాపులో, ఆ షెడ్డులో. పెద్దయ్యాక కూడా ఒక ఉత్తరంలో, సెవెర్న్ నది ఒడ్డున రెల్లు పొదల్లో కాగితం పట్టుకుని శబ్దాలను పట్టాలని చూసే పిల్లవాణ్ణే ఇంకా నేను, అనే అర్థం వచ్చేలా రాసుకున్నాడు. పెన్న ఒడ్డున రెల్లు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు పరాయి దేశం మాటలా అనిపించలేదు. ఆ షాపు భవనాన్ని 1960ల్లో పడగొట్టేశారు. ఆ వీధి చివర, కెథడ్రల్‌కు ఎదురుగా, ఆయన విగ్రహం మాత్రం ఉంది.

మన దగ్గర కూడా ఇలాంటి కథే ఒకటుంది. ఏ.ఆర్. రెహమాన్‌కు తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఆర్.కె. శేఖర్ పోయారు. ఆయన వదిలి వెళ్లిన సంగీత వాయిద్యాలు అద్దెకిచ్చి ఇల్లు గడిపారు. అద్దెకు వెళ్లే వాయిద్యాన్ని కనెక్ట్ చేయడం, పలికించి చూపించడం తెలిసిన పిల్లవాడికి దాని గుట్టంతా తెలిసే ఉంటుంది కదా. ఎల్గార్‌కు షాపు ఇంటి కింద ఉంది, ఈయనకు ఇంట్లోనే ఉంది. మాలాంటి వాళ్లకు రైలెక్కి వెళ్లే దూరంలో ఉంది. అది కూడా తక్కువ అదృష్టం అనుకోను.

ఇప్పుడు మా పిల్ల సంగతి. వయసు 17. ఇంటర్ సెకండియర్. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని రాత్రిళ్లు ట్యూన్లు కడుతుంది. చెవి చాలా మంచిది. తనకి శాంపిల్స్‌లో, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాల్లో, 70 మంది ఆర్కెస్ట్రా ఉంది, ఒక్క అసలు వాయిద్యాన్ని కూడా చేత్తో పట్టుకోలేదు. ఒకసారి నెల్లూరులో కాదుగానీ ఒక పెద్ద ఊరి మాల్‌లో కీబోర్డు మెట్టు ముట్టుకోబోతే, అక్కడ సెక్యూరిటీ మనిషి "కొంటేనే ముట్టుకో" అన్నాడట. పిల్ల అది మర్చిపోలేదు. అందుకే మౌంట్ రోడ్డు షాపులోకి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని అడిగిన మొదటి మాట, "మామయ్యా, ఇవి ముట్టుకోవచ్చా?"

అడిగి ముట్టుకో అన్నాను. అడిగింది. కౌంటర్‌లో ఉన్నతను ఒక వయోలిన్ కిందికి దించి, శ్రుతి సరిచేసి, భుజం మీద ఎలా ఆనించాలో చూపించాడు.

ఈ పిల్ల ఈ మధ్య వయోలిన్లకని ఒక ముక్క రాసింది. వినడానికి బాగుంటుంది. కానీ అందులో వయోలిన్ స్వరం మంద్రంలో జి కంటే కిందికి, ఇంకో మూడు స్వరాలు దిగిపోతుంది. ల్యాప్‌టాప్ దాన్ని మోగించేస్తుంది, దానికేం పట్టింపు లేదు. నేను రెండుసార్లు చెప్పాను, "వయోలిన్‌కి అంత కింద తీగ లేదమ్మా" అని. సరే అంటుంది, మార్చదు. ఆ రోజు కమానుతో నాలుగు తీగలూ ఒక్కొక్కటిగా లాగింది. చివరి తీగ జి దగ్గరికొచ్చి, వేలు పెట్టకుండా లాగి, ఇంకా కిందికి ఎలా వెళ్లాలా అని మెడ వైపు చూసింది. వెళ్లడానికి ఏమీ లేదు. నా వైపు తిరిగి, "అంటే నా రెండో చరణం ఎవరూ వాయించలేరా?" అంది. నేనేమీ అనకముందే కౌంటర్ అతను, ఇంకో వాయిద్యం చూపిస్తాను అన్నట్టు సైగ చేసి, వయోలా ఒకటి తెచ్చిపెట్టాడు. ఒడ్డూ పొడుగూ కొంచెం ఎక్కువ. కింద సి తీగ ఉంది. పిల్ల ఆ తీగ లాగిన మొదటిసారి ఆ శబ్దం దవడ ఎముకలోకి పాకినట్టుంది, కళ్లు పెద్దవి చేసుకుని అలాగే నిలబడిపోయింది. శాంపిల్‌లో స్వరం వినపడుతుంది. చేతిలో ఉంటే చెక్క వణుకుతుంది. ఈ తేడా చెప్పి అర్థమయ్యేలా చేయడం నావల్ల కాలేదు. ఆ వయోలా మా చేతిలో ఉన్నది మహా అయితే ఐదు నిమిషాలు.

కొత్తగా సంగీతం కట్టే పిల్లలకి ఈ షాపుకి నేను 5కి 5 ఇవ్వడానికి ఆ ఐదు నిమిషాలే కారణం.

నాకు కూడా ఇలాంటి దెబ్బే తగిలి తెలివి వచ్చింది. 1998లో ఒక భక్తి పాటల క్యాసెట్‌కి మద్రాసులో సంగీతం రాశాను. క్లారినెట్‌కి ఒక చిన్న బిట్. నాకు సి కావాలి, సి అని రాశాను. రికార్డింగ్ థియేటర్‌లో మొదటి టేక్‌లోనే క్లారినెట్ అందరికంటే ఒక స్వరం కింద మోగింది. బి ఫ్లాట్ క్లారినెట్‌కి సి అని రాస్తే బి ఫ్లాట్ పలుకుతుంది. రాసేటప్పుడే ఒక స్వరం పైకి జరిపి రాయాలి. థియరీ పుస్తకంలో ఇది చదివి, మార్కులు తెచ్చుకుని కూడా, చెయ్యి పనిలో పడ్డాక మర్చిపోయాను. వాయించే పెద్దాయన ఒక్కసారి నవ్వి, కాగితం చూస్తూనే మనసులో స్వరం జరుపుకుని రెండో టేక్ ఇచ్చేశాడు. గంటల లెక్కన అద్దె కట్టే థియేటర్‌లో ఆయన నన్ను కాపాడాడు. మర్నాడు పొద్దున్నే మౌంట్ రోడ్డుకు వెళ్లి, అద్దాల బీరువాలో క్లారినెట్లు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఏది ఏ శ్రుతిదో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. ఆ తర్వాత ఆ తప్పు మళ్లీ చేయలేదు.

పిల్లలకి వయోలిన్ కొనాలనుకునే అమ్మానాన్నలకు ఒక మాట. పియానో, కీబోర్డు సంగతి వేరు, తీగ వాయిద్యాలు మాత్రం చూడకుండా కొనకండి. నా దగ్గర నేర్చుకునే ఒక బాబుకి వాళ్ల నాన్న ఆన్‌లైన్‌లో ఒక చోట వయోలిన్ తెప్పించాడు. పెట్టె తెరిస్తే గుర్రం, అంటే తీగలను ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జి, పడిపోయి ఉంది, లోపల సౌండ్ పోస్ట్ గలగలా దొర్లుతోంది. సౌండ్ పోస్ట్ అంటే వయోలిన్ పై పలకకీ కింది పలకకీ మధ్య, జిగురు లేకుండా, కేవలం ఒత్తిడి మీద నిలబెట్టే సన్నటి కర్రముక్క. ఫ్రెంచి వాళ్లు దాన్ని ఆత్మ అనే పిలుస్తారు. అది పడిపోతే తీగలు బిగించకూడదు, పై పలక కుంగిపోతుంది. నెల్లూరులో దాన్ని నిలబెట్టే మనిషి కోసం నేను మూడు వారాలు వెతికాను. అమ్మినవాళ్లు ఫోటోలు పంపమన్నారు, పంపితే మళ్లీ పంపమన్నారు, చివరికి ఆ బాబు ఉత్సాహమే చల్లారిపోయింది. షాపులో అయితే మీ కళ్ల ముందే గుర్రం నిలబెట్టి, శ్రుతి చేసి, లాగి వినిపించి ఇస్తారు. బిరడాలు జారుతున్నాయా, కమాను వంకర ఉందా, అక్కడే చూసుకోవచ్చు. ధర ఎక్కడ కొన్నా నాలుగు చోట్ల కనుక్కోండి, అది మామూలే.

పియానో కొనే స్తోమత ఉన్నవాళ్లకి ఇంకో మాట. చెన్నై, నెల్లూరు, వైజాగ్, ఇవన్నీ సముద్రపు తేమ ఊళ్లు. చెక్క ఉబ్బుతుంది, మెట్లు పట్టేస్తాయి, తీగలు తుప్పు పడతాయి. కనీసం ఆరు నెలలకోసారి ట్యూనర్ రావాలి. మీ ఊరికి ట్యూనర్ ఎవరైనా వస్తారా అని కొనేముందే షాపులో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబును బట్టి పియానోనా, డిజిటల్ పియానోనా అన్నది తేల్చుకోవచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి మీకు కావలసింది ఉందో లేదో కనుక్కోవడం మంచిది, మాలాగా దూరం నుంచి వచ్చేవాళ్లకి మరీను.

ముంబైలో ధోబీ తలావ్‌లో ఫర్టాడోస్ ఉంది, 1865 నాటిది. 2009లో పని మీద వెళ్లినప్పుడు ఒక పూట అక్కడ గడిపాను. దాని గురించి ఎక్కువ రాసే హక్కు నాకు లేదు, నా ఊరి షాపు కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ చుట్టుపక్కల గోవా నుంచి వచ్చిన సంగీతకారులు దిగే ఇళ్లు, క్లబ్బులు ఉండేవి. హిందీ సినిమా పాట ఆర్కెస్ట్రాగా నిలబడింది వాళ్ల చేతుల మీదే. శంకర్ జైకిషన్‌కి ఆర్కెస్ట్రా రాసిన సెబాస్టియన్ డిసౌజా, ప్యారేలాల్‌కీ ఆర్.డి. బర్మన్‌కీ వయోలిన్ నేర్పిన ఆంథోనీ గోన్‌సాల్వెస్ ఆ తరం వాళ్లే. సంగీత దర్శకుడు కూనిరాగం తీస్తే దాన్ని స్టాఫ్ గీతల మీద 40 మందికి పంచి రాసేవాళ్లు. ఆ వీధిలో నడుస్తుంటే ఒక షాపూ, దాని చుట్టూ ఉన్న మనుషులూ కలిస్తే ఏమవుతుందో కళ్లకు కట్టింది.

నన్ను బాధపెట్టే సంగతి కూడా చెప్పాలి, ఇది ఏ ఒక్క షాపు తప్పూ కాదు. నొటేషన్ పుస్తకాల అల్మరాలు దేశంలో ఎక్కడ చూసినా చిన్నవైపోతున్నాయి. పిల్లలు ఫోన్‌లో పీడీఎఫ్ దించుకుంటున్నారు, పుస్తకం కొనేవాళ్లు తగ్గిపోయారు. పీడీఎఫ్‌లో మనం వెతికిందే దొరుకుతుంది. అల్మరాలో మనం వెతకనిది దొరుకుతుంది. నేను 15 ఏళ్లప్పుడు ఏం వెతకాలో నాకే తెలియదు కదా. ఇంకోటి, ఆ అల్మరాల్లో తెలుగు ఎక్కడ? మన పద్యనాటకం వరసలు, ఉయ్యాల పాటలు, జముకుల కథ పాటలు స్టాఫ్ నొటేషన్‌లో చక్కగా అచ్చువేసిన పుస్తకం ఒకటి అక్కడ ఉండి ఉంటే, ఏ ఊరి పిల్లవాడైనా తీసి మన పాటను పియానో మీద పెట్టుకునేవాడు. ముత్తుస్వామి దీక్షితులు ఎప్పుడో ఇంగ్లీషు వరసలు తీసుకుని నోటుస్వరాలు కట్టారు. "ట్వింకిల్ ట్వింకిల్" వరసలో "శ్యామలే మీనాక్షి" ఉంది. అటు నుంచి ఇటు అంత ముందే దారి పడింది. ఇటు నుంచి అటు వేయాల్సిన దారి ఇంకా మన చేతిలోనే ఉంది. మా తాత పాడిన వరసలు కొన్ని నేను రాసిపెట్టాను. ఈ ఏడు ఇంకా రాస్తాను.

సాయంత్రం రైల్లో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ట్యూనింగ్ ఫోర్కు మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది, మళ్లీ కొడుతోంది. గూడూరు దాటేలోపు నొటేషన్ పుస్తకం తెరిచి పెన్సిల్‌తో గీతలు మొదలుపెట్టింది. ఎల్గార్ షెడ్డు కథ మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాను, అది బుర్రలో తిరుగుతున్నట్టుంది. "మామయ్యా, మన దగ్గర నిజంగా వాయించేవాళ్లు ఎవరెవరున్నారు?" అని అడిగింది. లెక్కపెట్టాం. నేను హార్మోనియం. తన క్లాసులో ఒకమ్మాయి వయోలిన్ నేర్చుకుంటోంది, కర్నాటక సంగీతం, శ్రుతి వేరుగా పెట్టుకుంటుంది, మాట్లాడాలి. వాళ్లమ్మ, అంటే మా అక్క, తిత్తి ఆడించడానికి ఎప్పుడూ సిద్ధమే కాబట్టి నాకు రెండు చేతులూ ఖాళీ. మా వీధి చివర పెళ్లిళ్ల బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే బాబాయి ఒకాయన ఉన్నాడు.

నాలుగు వరసలు గీసి, పక్కన పేర్లు రాసుకుంది. మూడో వరస దగ్గర పెన్సిల్ ఆపి, "బాబాయి గారిది బి ఫ్లాటేనా?" అంది.

ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లి అడుగుదాం అన్నాను.